పైకి కనిపించిన స్టడ్డే ఎక్కువ ఏడిపించింది

పాత కారులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగని సైలెన్సర్ పైపులోకి చేర్చే గొట్టాల భాగం, లీకవుతుంటే ముందు చెవికే తెలుస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది. కాసేపు నడిచాక అదే తగ్గిపోతుంది, ఎందుకంటే వేడికి మానిఫోల్డ్ వ్యాకోచించి సందు మూసుకుంటుంది. చాలామంది దీన్ని ట్యాపెట్ల చప్పుడనుకుని వాల్వ్ క్లియరెన్స్ సర్దించుకుంటూ ఉంటారు. నేను ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని మానిఫోల్డ్ వెంబడి తిప్పాను. నాలుగో సిలిండర్ దగ్గరకు రాగానే చప్పుడు గట్టిగా వినపడింది. టార్చి వేసి చూస్తే అక్కడ హెడ్ (సిలిండర్ల పైన ఉండే ఇంజన్ భాగం, మానిఫోల్డ్ బిగించేది దీనికే) మీద నల్లటి మసి చారిక ఉంది. ఆ రెండిటి మధ్య పొగ బయటకు రాకుండా ఆపే పల్చటి గ్యాస్కెట్ పోయిందని తేలిపోయింది.

గ్యాస్కెట్ మార్చడం పెద్ద పని కాదు. మానిఫోల్డ్‌ని పట్టుకున్న నట్లు విప్పడమే అసలు పని. నాది నాలుగు సిలిండర్ల ఇంజన్, అల్యూమినియం హెడ్, పోత ఇనుము మానిఫోల్డ్, 8 మి.మీ. స్టడ్లు. స్టడ్ అంటే ఒక కొస హెడ్‌లోకి దిగి, రెండో కొసకి నట్టు పట్టే తల లేని బోల్టు. ఏళ్ల తరబడి ఎర్రగా కాగి, చల్లారి, వానాకాలం తేమలో తుప్పు పట్టిన స్టడ్లు ఇవి. ఇలాంటి ఇంజన్లలో మధ్య స్టడ్ల కన్నా రెండు చివర్ల స్టడ్లే ఎక్కువగా తెగుతాయి. మానిఫోల్డ్ హెడ్ కన్నా చాలా ఎక్కువ వేడెక్కి పొడవునా సాగుతుంది. ఆ సాగుడు మధ్యలో దాదాపు ఏమీ ఉండదు, చివర్లకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ చివరి స్టడ్ కొంచెం పక్కకి వంగుతుంది, ఆపితే వెనక్కి వస్తుంది. అందుకే చివరి రెండిటి మీదే నాకు అనుమానం.

ముందురోజు సాయంత్రం అన్ని నట్ల మీదా పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశాను. మర్నాడు ఇంజన్ కాసేపు నడిపి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక మళ్లీ కొట్టాను. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటూ నూనెని మరల్లోకి లాక్కుంటుంది. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ నూనె సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది కానీ ఆ రెండూ సరిగ్గా కలవవు, ప్రతిసారీ సీసా ఊపాలి. పైగా తర్వాత మంట పెట్టాల్సి వస్తే అసిటోన్ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. నేను దాని జోలికి పోలేదు.

ఆరు మూలల సాకెట్ వాడాను. పన్నెండు మూలలదైతే తుప్పు తిన్న నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. కొద్దిగా విప్పడం, కొద్దిగా బిగించడం, మళ్లీ విప్పడం. మధ్యలోవి ఒక్కొక్కటే "కిర్రు" మంటూ వదిలాయి. కొన్నిచోట్ల నట్టు స్టడ్‌తో సహా ఊడొచ్చింది, అది ఇంకా మంచిదే.

వెనకాల చివరిది మాత్రం అసలు బలమే అడగలేదు. పానా వేయగానే నట్టు, దాంట్లో సగం స్టడ్ కలిసి చేతిలోకి వచ్చేశాయి. ముందు చివరిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గట్టిగా బిగుసుకుని ఉంది. టార్చి మంటతో నట్టుని వేడి చేశాక కదిలింది, కానీ ఆ కదలిక నాకు నచ్చలేదు. వదిలే నట్టు ఒక్కసారి "టక్" మని వదిలి తేలికవుతుంది. ఇది టక్ మనకుండా మెత్తగా తిరిగింది. అలా మెత్తగా తగిలిందంటే తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డే మెలిపడుతోంది. ఆ వెంటనే తెగింది. హెడ్ బయటకు 6 మి.మీ. ముక్క మిగిలింది.

వెనకాలది హెడ్ ముఖానికి 3 మి.మీ. లోపలే తెగింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరు చూసినా ముందుది తేలిక, వెనకాలది కష్టం అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను గానీ, తెగిన ముక్కల్ని గుడ్డతో తుడిచి వెలుతుర్లో పట్టుకుని చూశాక అభిప్రాయం మారింది.

వెనకాల స్టడ్ తెగిన ముఖంలో ముప్పావు వంతు గోధుమ రంగులో, నున్నగా ఉంది. ఒక అంచు నుంచి మొదలై కోసిన చెట్టు మొద్దు మీద వలయాల్లా సన్నటి గీతలు కనిపించాయి. మిగతా పావు వంతు మాత్రమే తాజాగా, గరుగ్గా మెరుస్తోంది. అంటే ఇది నా చేతిలో తెగలేదు. వంగి వంగి ఒక అంచున పగిలి, ఆ పగులు ఏళ్ల తరబడి లోపలికి పాకింది. నేను విప్పేనాటికి పావు వంతు లోహమే దాన్ని పట్టుకుని ఉంది. బహుశా గ్యాస్కెట్ పోవడానికి కారణం కూడా ఇదే. ముందు స్టడ్ ముఖం అలా లేదు. మొత్తం తాజాగా, మెరుస్తూ, వలయంగా మెలితిరిగి ఉంది. ఇది శుద్ధంగా తిప్పుడుకే తెగింది.

తేడా ఏమిటంటే, తిప్పుడుకి తెగిన బోల్టు లోపల పట్టేసి ఉంది కాబట్టే తెగింది. దాన్ని తెంపగలిగేంత పట్టు లోపల ఇంకా అలాగే ఉంది. పగులు పాకి తెగిన బోల్టుకి ఆ పరీక్షే జరగలేదు. దాని మరలు ఎంత పట్టి ఉన్నాయో మనకి తెలియదు, పైగా నట్టు లాగుడు పోయాక లోపలి ముక్క మీద ఏ బిగువూ ఉండదు. చాలాసార్లు అది తేలిగ్గా తిరుగుతుంది. విరిగిన బోల్టు ఏదైనా సరే, డ్రిల్ చేతిలోకి తీసుకునే ముందు తెగిన ముఖం చూడాలంటాను నేను. బయటకి ఎంత ముక్క ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

అందుకే వెనకాలదానితో మొదలుపెట్టాను. అక్కడ చోటు దారుణం. ఒకవైపు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే గోడ), మధ్యలో స్టీరింగ్ షాఫ్ట్. చక్రం విప్పి, వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ కవర్ తీసేస్తే పక్క నుంచి డ్రిల్ మెషిన్‌కి నేరుగా దారి దొరికింది. కారు కింద జాకీ ఒక్కటే పెట్టి ఇలాంటి పని చేయకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఈ పనిలో తొంభై శాతం సెంటర్ కుదరడమే. రంధ్రం నడిమధ్యలో పడితే ఆ తర్వాత ఏం చేసినా చెల్లుతుంది. అర మి.మీ. పక్కకి పోయినా, పెద్ద బిట్ వేసేసరికి ఒకవైపు అల్యూమినియం మరలు తినేస్తుంది. స్టీల్ గట్టిది, అల్యూమినియం మెత్తనిది. బిట్ ఎప్పుడూ మెత్తటి వైపుకే జారుతుంది. అదృష్టం ఏమిటంటే ముక్క లోపలికి ఉండటమే ఇక్కడ కలిసొచ్చింది. 8 మి.మీ. మర లోపలి వ్యాసం దాదాపు 6.6 మి.మీ. బయట ఆరున్నర, లోపల మూడు మి.మీ. ఉండేలా ఒక చిన్న స్టీల్ బుష్, అంటే బిట్‌కి దారి చూపే పొట్టి గొట్టం, లేత్ మీద చేయించుకున్నాను. అది ఖాళీ మరల్లో సరిగ్గా కూర్చుంది. ఇక 3 మి.మీ. బిట్ పక్కకి జరగమన్నా జరగదు.

బిట్లు మామూలువి కావు, లెఫ్ట్ హ్యాండ్ బిట్లు. డ్రిల్ మెషిన్‌ని రివర్స్‌లో పెట్టి వాడతారు. అంటే కోస్తున్నంతసేపూ బోల్టుని విప్పే దిక్కులోనే తోస్తుంటుంది. స్పీడు తగ్గించి, కటింగ్ ఆయిల్ చుక్కలు వేస్తూ, మధ్యమధ్యలో చెత్త బయటకు లాగుతూ 3 మి.మీ. రంధ్రం పూర్తి చేశాను. తర్వాత బుష్ తీసేసి 5 మి.మీ. బిట్ వేశాను. కొంచెం లోపలికి దిగి, అంచు పట్టుకుని, ఒక్కసారి మెషిన్ చేతిలో జెర్క్ ఇచ్చింది. బిట్ విరిగిందనుకుని గుండె జారింది. బయటకు తీసి చూస్తే ముక్క బిట్‌కి గుచ్చుకుని, తిరుగుతూ తనంతట తానే బయటకు వచ్చేసింది. మరల మీద తుప్పు మచ్చలు తప్ప ఏమీ లేవు.

ఆ ముక్క పారేయలేదు. దాన్ని కొలిస్తే హెడ్‌లో మర ఎంత లోతుందో తెలిసింది. ముందువైపు రంధ్రం కూడా అంతే లోతు, అడుగున మూసి ఉంది. కొన్ని ఇంజన్లలో ఈ రంధ్రాలు కూలెంట్ తిరిగే దారిలోకి తెరుచుకుని ఉంటాయి. అలాంటివాటిలో స్టడ్ తీయగానే నీళ్లు కారతాయి, కొత్తది వేసేటప్పుడు మరలకి సీలెంట్ పూయాలి.

ఇక ముందుది.

ఆరు మి.మీ. ముక్క బయటికుంది కదా అని మొదట వైస్ గ్రిప్‌తో పట్టుకున్నాను. పళ్లు దిగాయి, తిప్పితే ముక్క పైతోలు ఒలుచుకుపోయింది తప్ప కదల్లేదు. రెండు నట్లు ఒకదానికొకటి బిగించి తిప్పే పద్ధతికి ఆ పొడవు చాలదు. వేడి పెట్టాలి. ఇక్కడ వేడి చేయాల్సింది స్టడ్‌ని కాదు, దాని చుట్టూ ఉన్న హెడ్‌ని. అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వంద డిగ్రీలు వేడెక్కితే 8 మి.మీ. రంధ్రం లోపలి స్టీల్ కన్నా సుమారు 9 మైక్రాన్లు ఎక్కువ వెడల్పవుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ తుప్పు పొరలో పగులు తేవడానికి అది పనికొస్తుంది. ఒక జాగ్రత్త ఉంది: అల్యూమినియం కరిగే ముందు ఎర్రబడదు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెడ్ పోసే మిశ్రమాలు ఇంకా ముందే. రంగు చూసి ఆపుదాం అనుకుంటే హెడ్ కారిపోతుంది. మంటని ఒకచోట నిలపకుండా తిప్పుతూనే ఉండాలి. అన్నట్టు, బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట మంట పెట్టకండి. క్లోరిన్ ఉన్న రకాలు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుని వదులుతాయి.

వేడి మీద మరల మొదట్లో కొవ్వొత్తి మైనం తాకించాను. కరిగి లోపలికి పీల్చుకుంది. ఇది పాత మెకానిక్‌ల చిట్కా, చాలాచోట్ల పని చేస్తుంది. ఇక్కడ చేయలేదు.

మిగిలింది నట్టు వెల్డింగ్ చేసి తిప్పడం. నాకు వెల్డింగ్ అంత చేయి తిరగలేదు, తెలిసిన అన్నని పిలిచాను. వచ్చేలోగా బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పి, ఆల్టర్నేటర్ కనెక్షన్ తీసి, దగ్గర్లోని పెట్రోలు పైపు మీద తడి గోనె కప్పి, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకున్నాను. ఆయన నేను తెచ్చిన 8 మి.మీ. నట్టు చూసి పక్కన పడేశాడు.

"పదిది పెట్టు తమ్ముడూ. రంధ్రం అడుగున స్టడ్ మీద మొదలెట్టి పైకి నింపుకుంటూ రావాలి. ఇంత చిన్న దాంట్లో వెల్డింగ్ వైరు అడుగుదాకా పోదు, వెల్డ్ నట్టుకే అంటుతుంది."

"అంటగానే తిప్పేయనా అన్నా?"

"ఆగు. ఎరుపు పోవాలి. ఎర్రగా ఉన్నప్పుడు తిప్పితే మెత్తగా ఉంటుంది, తెగుద్ది. పూర్తిగా చల్లారితే మళ్లీ పట్టేస్తుంది. ఆ మధ్యలో తిప్పాలి."

ముక్క మీది నూనె, తుప్పు గీకి తెల్లగా చేసి వెల్డ్ పెట్టాడు. మొదటిసారి నట్టు వెల్డ్‌తో సహా ఊడొచ్చింది. మళ్లీ పెట్టాడు, ఈసారి వెల్డ్ పట్టింది. స్పానర్ వేసి వెనక్కీ ముందుకీ ఆడించాం. సన్నగా కదిలినట్టే అనిపించింది. ఆ కదలిక చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం కూడా. మరుక్షణం నట్టు, ఆరు మి.మీ. ముక్క కలిసి చేతిలోకి వచ్చాయి. హెడ్ ముఖానికి సరిగ్గా సమంగా తెగింది.

నిజానికి విరిగిన బోల్టులకి నట్టు వెల్డింగ్ అంత మంచి పద్ధతి ఇంకోటి లేదనే నా అభిప్రాయం, ఈ అనుభవం తర్వాత కూడా. స్టీల్ వెల్డ్ అల్యూమినియానికి అంటుకోదు కాబట్టి హెడ్‌కి భయం తక్కువ. బోల్టు లోపలి నుంచి కాగి, చల్లారుతూ ముడుచుకుని తుప్పు పట్టు వదిలించుకుంటుంది. కానీ మరల మధ్యలో అల్యూమినియం ఆక్సైడ్ తెల్లటి పొడిగా గట్టిపడి మొత్తం పట్టేసినచోట దానికీ ఒక హద్దు ఉంది. ఇది ఆ హద్దు దాటిన స్టడ్.

అన్న ఈజీ అవుట్ తీసుకురమ్మంటావా అన్నాడు. వద్దన్నాను. ఈజీ అవుట్ అంటే రంధ్రంలో దింపి ఎడమ వైపు తిప్పితే బిగుసుకునే మొన దేలిన పనిముట్టు. అది లోపలికి దిగేకొద్దీ బోల్టుని బయటి గోడకి ఇంకా నొక్కుతుంది. పైగా చాలా గట్టి స్టీల్, వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగి లోపల ఉండిపోతే మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా వేయలేదు. అప్పుడు కార్బైడ్ బిట్లు కావాలి, లేదా హెడ్ విప్పి, కరెంటు మెరుపులతో లోహాన్ని తినేసే స్పార్క్ ఎరోజన్ మెషిన్‌కి పంపాలి. నా మట్టుకు నాకు ఆ పనిముట్టు అవసరమున్న చోట పని చేయదు, పని చేసే చోట దాని అవసరం ఉండదు.

కాబట్టి మొత్తం డ్రిల్ చేసి తీయడమే. ఈసారి బుష్ కూర్చోడానికి ఖాళీ మరలు లేవు. మందపాటి ఇనుప పట్టీ ఒకటి తీసుకుని, కొత్త గ్యాస్కెట్‌నే కొలతగా పెట్టి రంధ్రాలు గుర్తుపెట్టాను. ఒకటి పక్క స్టడ్‌కి, ఒకటి దాని కిందిదానికి, మూడోది విరిగినదాని సెంటర్‌కి. లేత్ మీద పనిచేసే మిత్రుడు మూడో రంధ్రంలో మార్చుకోవడానికి వీలుగా 3, 5, 6.5 మి.మీ. బుష్‌లు చేసిచ్చాడు. పట్టీని పక్క స్టడ్లకి నట్లతో బిగిస్తే కదలదు. ఈ పట్టీ తయారీకి పట్టిన సమయం డ్రిల్ చేయడానికి పట్టలేదు.

వెల్డ్ వేడి తగిలి, హెడ్ చల్లదనానికి గబుక్కున ఆరిన ఆ పై పొర గాజులా గట్టిపడింది. మొదట బిట్ మీద మీదే తిరిగి కీచుమంది తప్ప కోయలేదు. కార్బైడ్ బర్‌తో ఆ పై పొర అర మి.మీ. మేర గీకేశాక పట్టీ బిగించి మొదలుపెట్టాను. బిట్ మీద లోతు గుర్తుగా టేపు చుట్టుకున్నాను, వెనకాల ముక్క కొలత ఇక్కడ పనికొచ్చింది.

డ్రిల్ చేస్తున్నంతసేపూ చూడాల్సింది బయటకొచ్చే పొట్టుని. స్టీల్ పొట్టు బూడిద రంగులో చుట్టలు తిరిగి వస్తుంది. అల్యూమినియం అయితే తెల్లగా మెరుస్తూ చిన్న చిన్న పెళుసు రేకుల్లా రాలుతుంది. తెల్లది కనిపించిందంటే బిట్ గోడలోకి పోతోందని అర్థం, అక్కడే ఆపేయాలి. 3 అయింది, 5 అయింది. లెఫ్ట్ హ్యాండ్ బిట్లే వాడినా ఈ మహానుభావుడు చివరిదాకా కదల్లేదు. 6.5 వేశాక రెండు తెల్ల రేకులు కనిపించాయి. అప్పటికి మిగిలింది మరల్లో ఇరుక్కున్న పల్చటి స్టీల్ చుట్టు మాత్రమే.

అక్కడి నుంచి మెషిన్ పక్కన పెట్టి, పదునైన సూదిమొన పనిముట్టుతో మర మొదలు వెతికి, ఆ కొసని లోపలికి వంచాను. సన్నమూతి ప్లయర్‌తో పట్టుకుని మెల్లగా లాగితే మర అంతా ఒక చుట్టు తర్వాత ఒక చుట్టు ఊడుతూ వచ్చింది. మధ్యలో తెగింది, మళ్లీ కొస వెతికాను. ఈ కాసేపటి పని కోసమే ఇంత తతంగం అనిపించింది, కానీ ఇలాంటి తృప్తి ఇంకే రిపేరులోనూ దొరకదు. తర్వాత 8 మి.మీ., 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య 1.25 మి.మీ. దూరం) ట్యాప్‌ని, అంటే రంధ్రంలో మరలు కోసే పనిముట్టుని, చేత్తోనే మెల్లగా దింపి మరలు శుభ్రం చేశాను. సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి. గాలి కొట్టి కొత్త స్టడ్ పెడితే వేళ్లతోనే అడుగుదాకా దిగింది, ఊగలేదు.

మరలు పోయుంటే వాడదామని హెలికాయిల్ కిట్ (పాడైన మర స్థానంలో కొత్త మరగా పనిచేసే స్టీల్ చుట్టలు) సిద్ధంగానే ఉంచుకున్నాను. 8 మి.మీ. దానికి 8.3 బిట్‌తో పెంచి, దాని ట్యాప్ వేసి, స్టీల్ చుట్ట దింపాలి. అది అవమానమేమీ కాదు. మెత్తటి అల్యూమినియంలో ఆ చుట్ట తరచుగా అసలు మర కన్నా గట్టిగానే ఉంటుంది.

బిగించేముందు మానిఫోల్డ్ ముఖం మీద స్టీల్ స్కేలు నిలబెట్టి కింద సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, పెట్టి చూశాను. వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా దండగే, కొత్త స్టడ్లూ మళ్లీ తెగుతాయి. వంపు హద్దులోనే ఉంది. మరలకి అవి పట్టేయకుండా ఆపే నికెల్ యాంటీ సీజ్ పేస్టు పల్చగా పూశాను. టార్క్ (నట్టుని తిప్పి బిగించే బలం) మాత్రం ఆలోచించి పెట్టాలి. నట్టు తిప్పే బలంలో తొంభై శాతం దాకా రాపిడికే పోతుంది, నిజంగా బిగించేది పది శాతమే. యాంటీ సీజ్ ఆ రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి, మాన్యువల్‌లో పొడి మరలకి ఇచ్చిన అంకె అలాగే పెడితే స్టడ్ అనుకున్నదానికన్నా ఎక్కువ సాగుతుంది. కొంచెం తగ్గించి, మధ్య నుంచి చివర్లకి, రెండు విడతల్లో బిగించాను. కొన్నిసార్లు కాగి చల్లారాక మళ్లీ టార్క్ రెంచ్ వేసి చూస్తే రెండు నట్లు కొద్దిగా తిరిగాయి, మిగతావి నిలిచాయి. టిక్ టిక్ లేదు.

స్టడ్లు అన్నీ మార్చేద్దామనే కొత్త సెట్ తెచ్చాను. మధ్యలో రెండు పాతవి మాత్రం కదల్లేదు. మరలు బాగున్నాయి, నట్టు చక్కగా పట్టింది. వాటి జోలికి పోలేదు. ఆ రెండు కొత్త స్టడ్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.